పెంజీకటిని చెవులతో వినడం ఎలా? హైదరాబాదులో కాస్మిక్ హారర్ ఆడియోబుక్ వినేవాళ్ళకి సమగ్ర మార్గదర్శి

హారర్ అనగానే మనకి గుర్తొచ్చేవి చేతబడి, కామినీ పిశాచి, ఊరి చివర పాడుబడ్డ బంగళా. ఆ కథల్లో దెయ్యానికి మనుషుల మీద ఏదో కక్ష ఉంటుంది. పూజ చేస్తేనో, అస్థికలు నదిలో కలిపితేనో ఆ కక్ష తీరిపోతుంది. కాస్మిక్ హారర్‌లో, అంటే విశ్వంలోని అంతుచిక్కని మహాశక్తుల భయం చెప్పే కథల్లో, అలాంటి వెసులుబాటు దొరకదు. అక్కడున్నదానికి మన మీద పగా లేదు, దయా లేదు. అసలు మనం ఉన్నట్టే దానికి పట్టదు. పోతన గజేంద్రుడు లోకాలన్నీ అంతరించాక మిగిలే పెంజీకటికి అవతల వెలిగేవాణ్ణి నమ్ముకున్నాడు. ఈ కథలూ మనల్ని ఆ పెంజీకటి దాకా తీసుకెళ్తాయి, కాకపోతే అవతల ఉన్నది మొర ఆలకించే రకం కాదు. పైగా ప్రపంచం ముగిసిపోయాక మొదలయ్యే కథైతే మొర పెట్టుకోవడానికి కూడా పట్టుమని పదిమంది ఉండరు.

ఇలాంటి కథని పాటల్లా పక్కన మోగనిస్తే ఏమీ మిగలదు. చిన్నప్పుడు కథ చెప్పే పెద్దవాళ్ళు మన చేత ఊ కొట్టించుకునేవాళ్ళు. ఊ ఆగిందంటే పిల్లాడు నిద్రపోయాడని కథ ఆపేసేవాళ్ళు. వాళ్ళు గొంతు తగ్గిస్తే మనం దగ్గరికి జరిగేవాళ్ళం. ఫోనుకి ఈ తెలివి లేదు. మీరు గురక పెడుతున్నా చదువుతూనే ఉంటుంది, మెట్రో రొదలో కూడా గుసగుసని గుసగుసగానే వినిపిస్తుంది. ఆ ఊ కొట్టే ఏర్పాటుని సెట్టింగులతో, గదితో, ఒక చిన్న నోటుబుక్కుతో మనమే చేసుకోవాలి. కింద ఉన్న అడుగులన్నీ అందుకోసమే.

మొదటి అడుగు: ఎంత పొడుగు పుస్తకం, ఏ పుస్తకం

ఇంగ్లీషు ఆడియోబుక్ చదివేవాళ్ళు నిమిషానికి సుమారు 150 నుంచి 160 మాటలు చదువుతారు. అంటే గంటకి 9 వేల మాటల పైచిలుకు. 12 గంటల పుస్తకం రోజుకి 45 నిమిషాల లెక్కన 16 రోజులు పడుతుంది. ఈ రకం కథకి అంతకంటే సాగదీయకూడదు. మూడు వారాలు దాటితే భయం పలచబడిపోతుంది, పేర్లు కలగాపులగం అవుతాయి. కాబట్టి మీ దగ్గర రోజుకి ఎంత సమయం ఉందో ముందు లెక్కేసుకుని, ఆ తర్వాతే పుస్తకం పొడుగు ఎంచుకోండి.

మొదటిసారి వినేవాళ్ళు చిన్నదానితో మొదలుపెట్టడం మేలు. అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ రాయగా 1927లో అచ్చయిన 'ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్' గంటన్నరలోపే అయిపోతుంది. ఒక రైతు పొలంలో ఉల్క పడుతుంది, ఆ తర్వాత బావి, చెట్లు, పశువులు, మనుషులు వరసగా పాడవుతారు. ఊళ్ళో బావి నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకి ఇది ఏ వివరణా లేకుండా అర్థమవుతుంది. రెండోది ఇంగ్లండు రచయిత హాడ్జ్‌సన్ రాసిన 'ది హౌస్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్' (1908). అందులో ఒక మనిషి కళ్ళ ముందే సూర్యుడు చల్లారిపోతాడు. ఈ రెండూ పూర్తయ్యాకే హాడ్జ్‌సన్‌దే అయిన 1912 నాటి 'ది నైట్ ల్యాండ్' ముట్టుకోండి. సూర్యుడు ఆరిపోయిన భూమి, మిగిలిన మనుషులు తలదాచుకున్న మహా లోహపు పిరమిడ్, బయట చీకట్లో లక్షల ఏళ్ళుగా కాచుకుని కూర్చున్న ఆకారాలు. ఈ తరహా కథలన్నిటికీ పెదనాన్న లాంటి పుస్తకం. కానీ కావాలని పాత ఇంగ్లీషులో, సంభాషణలనేవే దాదాపు లేకుండా రాశాడు, పొడుగు కూడా ఎక్కువ. నేరుగా దీంతో మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది రెండో గంటలోనే వదిలేస్తారు.

మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్ళ తర్వాత కాపీరైటు తీరిపోతుంది. హాడ్జ్‌సన్ 1918లో, లవ్‌క్రాఫ్ట్ 1937లో పోయారు. కాబట్టి ఈ పుస్తకాల ఉచిత రికార్డింగులు దింపుకోవడంలో తప్పేమీ లేదు. వాలంటీర్లు చదివి పెట్టే లిబ్రివాక్స్ వెబ్‌సైట్ 2005 నుంచి ఈ పనే చేస్తోంది. ఒక మాట ముందే తెలిసి ఉండాలి. లవ్‌క్రాఫ్ట్ కథలు కొన్నిటిలో ఇతర జాతుల మీద ఏహ్యభావం దాపరికం లేకుండా కనిపిస్తుంది. దాన్ని మెచ్చుకోనక్కర్లేదు, అది రాగానే కంగారుపడనూ అక్కర్లేదు.

ఇంతవరకూ ఆడియోబుక్ అనేదే విననివాళ్ళయితే ముందు తెలుగులో ఒక పుస్తకం పూర్తి చేయండి. దాసుభాషితం లాంటి తెలుగు శ్రవణ పుస్తకాల యాప్‌లో ఏదైనా కథల సంపుటి చాలు. చెవికి గంటసేపు నిలబడే అలవాటు వచ్చాక పరాయి యాస తేలికవుతుంది.

రెండో అడుగు: గొంతు పరీక్ష

శాంపిల్‌లో మొదటి నిమిషం వదిలేయండి. అక్కడ అందరూ బాగానే చదువుతారు. మధ్యలో 5 నిమిషాలు వినండి. మూడు సంగతులు చూసుకోవాలి.

గుసగుసలో కూడా మాట చివరి హల్లులు తెలుస్తున్నాయా? ఐదారు లైన్ల వాక్యం మధ్యలో ఊపిరి అందక నరికేస్తున్నారా? నోరు తిరగని పేరు వచ్చిన ప్రతిసారీ ఒకేలా పలుకుతున్నారా? మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా పలికితే వినేవాళ్ళకి అవి రెండు వేర్వేరు ప్రాణులైపోతాయి.

ఈ తరహాకి ఆవేశపడే గొంతు పనికిరాదు. ఆకాశవాణిలో వార్తలు చదివే గొంతు లాంటిది కావాలి. నిదానంగా, తనకేమీ సంబంధం లేనట్టు. కొండ కదిలిందని మామూలుగా చెబితేనే వెన్నులోంచి చలి పుడుతుంది. లిబ్రివాక్స్‌లో ఒకే పుస్తకానికి రెండు మూడు రికార్డింగులు ఉంటాయి. అధ్యాయానికొకరు చదివింది కాకుండా 'సోలో' అని రాసి ఉన్నది తీసుకోండి. యంత్రం చదివిన రికార్డింగులు వార్తలకీ వ్యాసాలకీ సరిపోతాయేమో గానీ ఇక్కడ తేలిపోతాయి. కామా దగ్గరా, శవం దగ్గరా ఒకే నిడివి ఆగితే భయమెక్కడ పుడుతుంది?

మూడో అడుగు: ఫైళ్ళు

64 కేబీపీఎస్ (సెకనుకి 64 కిలోబిట్లు, ఈ అంకె పెరిగితే నాణ్యత పెరుగుతుంది) ఎంపీ3 గంటకి సుమారు 29 ఎంబీ. 12 గంటలకి 350 ఎంబీ. 128 అయితే దానికి రెట్టింపు. ఒక్క గొంతే ఉంటే 64 చాలు, వెనక సంగీతమో శబ్దాలో ఉంటే 128 తీసుకోండి. ఇంట్లో వైఫై మీద మొత్తం ముందే దింపుకోవాలి. యూట్యూబ్‌లో వింటే సరిగ్గా తలుపు కిర్రుమనే చోట డిటర్జెంట్ ప్రకటన వస్తుంది, అక్కడితో ఆ అధ్యాయం పోయినట్టే.

విడి ఎంపీ3లు దింపుకున్నవాళ్ళకి తరచూ ఎదురయ్యే ఇబ్బంది వరస. ఫైళ్ళ పేర్లు 1, 2, 3 అని ఉంటే కొన్ని ప్లేయర్లు వాటిని 1, 10, 11, 2 అని పేరుస్తాయి. మొదటి అధ్యాయం అవగానే పదోది మొదలవుతుంది. ఈ రకం కథలో ఎలాగూ అంతా అయోమయంగానే ఉంటుంది కనుక చాలామందికి అరగంట దాకా అనుమానం కూడా రాదు. పేర్లు 01, 02, 03 అని మార్చుకోండి. అధ్యాయాలన్నీ ఒకే ఫైల్లో ఉండే ఎం4బీ దొరికితే ఈ గొడవే లేదు.

లిబ్రివాక్స్ ఫైళ్ళలో ప్రతి అధ్యాయం ముందూ ఇది ఫలానా రికార్డింగ్ అంటూ ఒక ప్రకటన ఉంటుంది. ఫార్వర్డ్ బటన్‌ని 10 సెకన్లకి పెట్టుకుంటే రెండు మూడు నొక్కుళ్ళలో దాటిపోవచ్చు.

నాలుగో అడుగు: ఇయర్‌ఫోన్లు

దీనికి ఖరీదైన సరుకు అక్కర్లేదు. మాటకి కావలసినంత స్పష్టత మామూలు వైరు ఇయర్‌ఫోన్లలోనే వస్తుంది. పెద్ద బేస్ ఉన్నవి కొనకండి. మగ గొంతు కుండలోంచి వచ్చినట్టుంటుంది. కోఠి గుజరాతీ గల్లీలోనో, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లోనో, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోనో కొనేటప్పుడు షాపువాడు పెట్టే పాట వినకండి. మీ ఫోన్లో ఆడియోబుక్‌లోని ఒక గుసగుస ముక్క, ఒక కేక ముక్క ముందే పెట్టుకుని, ఆ రెండూ విని తీసుకోండి. మార్కెట్ రొదలో గుసగుస తెలిసిందంటే ఇంట్లో తిరుగులేదు.

మెట్రోలో వినేవాళ్ళకి నాయిస్ క్యాన్సిలింగ్ పనికొస్తుంది. అది ఏసీ హోరు, చక్రాల రొద లాంటి ఆగకుండా సాగే మంద్ర శబ్దాలని బాగా తగ్గిస్తుంది. పక్కవాళ్ళ మాటలు, పిల్లల ఏడుపు మాత్రం దాటుకుని వస్తూనే ఉంటాయి. వాటికి చెవికి గట్టిగా పట్టే రబ్బరు టిప్పే మందు. డబ్బాలో మూడు సైజులు ఇస్తారు. అందరూ మధ్యది పెట్టుకుని వదిలేస్తారు గానీ మూడూ పెట్టి చూడాలి. రెండు చెవులకి వేర్వేరు సైజులు పట్టినా ఆశ్చర్యపోకండి.

ఒక చెవితోనే వింటే ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో 'మోనో ఆడియో' ఆన్ చేయండి. లేకపోతే నలుగురు నటులు కలిసి చదివిన పుస్తకాల్లో రెండో వైపు మాట్లాడే మనిషి పూర్తిగా మాయమవుతాడు. డాల్బీ, సరౌండ్ లాంటివి ఆపేయండి. అవి గొంతుకి ఫంక్షన్ హాల్ ప్రతిధ్వని తగిలిస్తాయి.

ఐదో అడుగు: యాప్ సెట్టింగులు

ఆండ్రాయిడ్‌లో సొంత ఫైళ్ళకి స్మార్ట్ ఆడియోబుక్ ప్లేయర్ బాగుంటుంది. ఏది వాడినా ఇవి మార్చండి.

నిశ్శబ్దాన్ని దాటవేసే సెట్టింగ్, అంటే 'స్కిప్ సైలెన్స్', ఆపేయాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. పాడ్‌కాస్టుల కోసం పెట్టిన ఆ సదుపాయం మాటకీ మాటకీ మధ్య ఖాళీని కత్తిరించేస్తుంది. కాస్మిక్ హారర్‌లో భయం ఉండేదే ఆ ఖాళీలో. "అది నా వైపు తిరిగింది" అన్నాక చదివే మనిషి రెండు సెకన్లు ఆగుతాడు. ఆ రెండు సెకన్లూ మీవి, అక్కడ మీ మనసు ఊ కొట్టాలి. దాన్ని కోసేస్తే మిగిలేది వరద హెచ్చరిక బులెటిన్.

వేగం 1.0 దగ్గరే ఉంచండి. బ్రిటిష్ యాస అందకపోతే మొదటి అధ్యాయానికి 0.9, ఆ తర్వాత మామూలు. 0.8 కిందికి వెళ్తే గొంతు సాగి తాగినవాడి మాటలా తయారవుతుంది. మరీ నత్తనడక చదువైతే 1.15 దాకా పరవాలేదు.

ఆపి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు వెనక్కి వెళ్ళే 'ఆటో రివైండ్' 20 సెకన్లు పెట్టండి. రాత్రి ఆపి మర్నాడు మొదలుపెడితే చేత్తో మరో 2 నిమిషాలు వెనక్కి వెళ్ళండి.

స్క్రీన్ ఆరిన పావుగంటకి పుస్తకం దానంతటదే ఆగిపోతుంటే తప్పు యాప్‌ది కాదు. ఫోన్ బ్యాటరీ ఆదా పేరుతో దాన్ని చంపేస్తోంది. సెట్టింగుల్లో ఆ యాప్‌కి బ్యాటరీ 'అన్‌రిస్ట్రిక్టెడ్' అని మార్చండి. 'డు నాట్ డిస్టర్బ్' కూడా పెట్టండి. ఇంటివాళ్ళ నంబర్లకి మాత్రం మినహాయింపు ఇవ్వండి. అర్ధరాత్రి నిజంగా అవసరమై చేసే ఫోన్ ఏ కథ కంటే తక్కువదీ కాదు.

ఆరో అడుగు: గుసగుస వినపడదు, కేకకి చెవులు పగులుతాయి

ఈ రకం పుస్తకాలకి ఉన్న అసలు జబ్బు ఇదే. గొంతు తగ్గినప్పుడు వాల్యూమ్ పెంచుతారు, మరుక్షణం పాత్ర అరుస్తుంది. మళ్ళీ తగ్గిస్తారు, మళ్ళీ గుసగుస మొదలవుతుంది. గంటలో ఇరవైసార్లు బటన్ నొక్కుతుంటే కథ ఎక్కడ ఎక్కుతుంది?

యాప్‌లో 'వాల్యూమ్ బూస్ట్' ఉంటే ముందు దాన్ని కొంచెంగా వాడి చూడండి. ఈక్వలైజర్‌లో (మంద్ర, తీవ్ర శబ్దాలని విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) 100 హెర్ట్జ్ కింద తగ్గించి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 2 లేదా 3 డెసిబెల్స్ పెంచితే హల్లులు తేలుతాయి, వాల్యూమ్ పెంచక్కర్లేకుండానే మాట తెలుస్తుంది. 6 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పెంచారంటే ప్రతి సకారమూ చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది.

దానికీ లొంగకపోతే, కాపీ రక్షణ తాళం లేని ఉచిత ఫైళ్ళని కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌తో సరిచేసుకోవచ్చు. ఇలా:

1. అసలు ఫైలుకి కాపీ తీసి, కాపీనే తెరవండి.
2. మొత్తం సెలెక్ట్ చేసి ఎఫెక్ట్ మెనూలో కంప్రెసర్ తీయండి. థ్రెషోల్డ్ (ఏ మట్టం దాటితే అణచాలో) మైనస్ 20 డెసిబెల్స్, రేషియో (ఎంతగా అణచాలో) 3:1.
3. తర్వాత నార్మలైజ్, శిఖరం మైనస్ 3 డెసిబెల్స్.
4. మోనో, 64 కేబీపీఎస్ ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేయండి.
5. గుసగుస ఉన్న చోటొకటి, కేక ఉన్న చోటొకటి విని చూడండి. బాగుంటేనే మిగతా అధ్యాయాలు చేయండి.

కంప్రెసర్ చేసే పని పెద్దదాన్ని అణచడం. ఆ తర్వాత నార్మలైజ్ మొత్తాన్ని పైకెత్తినప్పుడు గుసగుసతో పాటు చదివే మనిషి ఊపిరి, గదిలో ఫ్యాన్ చప్పుడు, నాలుక అంటుకున్న చిటపటలు కూడా లేస్తాయి. రేషియో 6:1 పెట్టారంటే ఎవరో మీ భుజం మీద గడ్డం ఆనించి ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. అది భయపెడుతుందనుకోండి, కానీ రచయిత అనుకున్న భయం అది కాదు. 3:1 దగ్గర ఆగండి. కేకకీ గుసగుసకీ తేడా పూర్తిగా పోగొట్టడం మన ఉద్దేశం కాదు, చెయ్యి బటన్ మీదికి పోకుండా చూసుకుంటే చాలు.

వాల్యూమ్ ఎంతదాకా? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే హద్దు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. 83 దగ్గర 20, 86 దగ్గర 10. మీటరు లేనివాళ్ళు ఇలా చూసుకోవచ్చు: నిశ్శబ్దంగా ఉన్న గదిలో చెయ్యి చాచేంత దూరంలో ఒకరు మామూలుగా మాట్లాడితే ఎంత గట్టిగా ఉంటుందో, కథ చెప్పే గొంతు అంతకి మించకూడదు. విన్న తర్వాత చెవుల్లో గుయ్‌మంటే హద్దు దాటినట్టు.

ఏడో అడుగు: గది

హైదరాబాదు ఇంట్లో నిశ్శబ్దం వెతుక్కోవాలి. రాత్రి పదిన్నరకి సీరియళ్ళు అయిపోయాక దీపం తీసేసి, ఏమీ పెట్టకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చుని వినండి. నెత్తి మీద ఫ్యాన్, హాల్లో ఫ్రిజ్ మోటారు, ట్యూబ్‌లైట్ చోక్ సన్నటి గుయ్. వంటింట్లో కుళాయి చుక్క. బయట కుక్కలు, కర్ర నేలకి కొట్టుకుంటూ విజిలేసే గూర్ఖా. వీటిలో ఏది ఆపగలరో, ఏది ఆపలేరో ఒక చీటీ మీద రాసుకోండి.

ఫ్యాన్‌ని 5 నుంచి 2కి తగ్గిస్తే సగం పని అవుతుంది. టిక్ టిక్‌మంటుంటే రాడ్ పైనున్న కప్పు వదులైందేమో చూసి బిగించండి. ఈ లయ తప్పని టిక్కు మీకు తెలియకుండానే కథలోకి వచ్చేస్తుంది. ట్యూబ్‌లైట్ తీసేసి చిన్న బెడ్‌ల్యాంప్ పెట్టండి, అదీ వీపు వెనకాల. పూర్తి చీకటి అక్కర్లేదు. కళ్ళకి చూడ్డానికి ఏమీ లేకపోతే మనసు పది నిమిషాల్లో నిద్రలోకి జారుతుంది. గోడ మీద ఒక మసక వెలుతురు ఉంటే చాలు.

కరెంటు పోతే చౌకరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఫ్యాన్ గుయ్‌మని మోగుతుంది. అలాంటప్పుడు ఫ్యానూ ఆపేసి కిటికీ తెరవడమే మంచిది. వానాకాలం రాత్రి, వీధంతా చీకటి, దూరంగా ఉరుము. ప్రపంచం ముగిసిన కథకి డబ్బిచ్చినా అంతకంటే మంచి సెట్టింగ్ దొరకదు. ఫోన్ ఛార్జింగ్ మాత్రం ముందే చూసుకోండి.

ఈ ఊళ్ళో దీనికంతటికీ మంచి కాలం డిసెంబరు, జనవరి. ఫ్యాన్ అక్కర్లేదు, కూలర్ అక్కర్లేదు, కిటికీ మూసుకోవచ్చు. పెద్ద పుస్తకాన్ని అప్పటికి దాచుకోండి. ఆషాఢంలో బోనాలు, భాద్రపదంలో వినాయకుడి మండపాలు, పెళ్ళిళ్ళ రోజుల్లో వీధి చివర మార్ఫా డప్పుల మోత. ఆ రాత్రుళ్ళు వినే ప్రయత్నం చేసి విసుక్కోకండి, బయటికెళ్ళి పండగ చూడండి.

గదిలో ఇంకెవరైనా పడుకుని ఉంటే ఇయర్‌ఫోన్ బయటికి కారుతుందేమో చూసుకోండి. నిద్రలో సగం సగం వినేవాళ్ళకి అది నిజంగా నరకం. ఇద్దరికీ ఇష్టమైతే చిన్న స్పీకర్ మీద కలిసి వినండి. పక్కన ఊ కొట్టే మనిషి ఉంటే ఈ మార్గదర్శిలో సగం సెట్టింగులు అక్కర్లేదు.

ఎనిమిదో అడుగు: మెట్రో, నడక, బండి

అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా ఉండే 20 నిమిషాల చిల్లర ఒక చిన్న అధ్యాయానికి సరిపోతుంది. కానీ ఏ అధ్యాయం? ప్రయాణాలు, చరిత్ర, మనుషుల మధ్య తగవులు ఉన్న భాగాలు మెట్రోకి. ఏదో బయటపడబోతున్న అధ్యాయం ఇంటికి. స్టేషన్ రాబోతోందని మూడు భాషల్లో చెప్పే గొంతు కథలో మూసుకున్న తలుపుల్ని ఇట్టే తెరిచేస్తుంది. అధ్యాయం పేరు చూసో, ఒక నిమిషం ముందు విని చూసో నిర్ణయించుకోవచ్చు. దిగే స్టేషన్‌కి ముందే ఆపండి, మెట్లు దిగుతూ విన్నది ఎవరికీ గుర్తుండదు.

నడకకి పగటి పూటే మంచిది. కేబీఆర్ పార్కులో పొద్దున్నే వినేవాళ్ళు నెమళ్ళ సంగతి గుర్తుపెట్టుకోవాలి. చీకటి గుహలో పాత్ర నిలబడి ఉండగా పొదల్లోంచి నెమలి అరిచిందంటే ఎంతటివాడైనా ఎగిరి పడతాడు. అంతకంటే మంచి చోటు ఖాజాగూడ రాళ్ళ దగ్గర. ఈ ఊరి గ్రానైట్ గుండ్లకి సుమారు 250 కోట్ల ఏళ్ళు. మొదటి అధ్యాయానికి ముందు ఒక గుండు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడండి. రాయి చల్లబడి గట్టిపడ్డ నాటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు. కాస్మిక్ హారర్ చెప్పే కాలం ఎంత పెద్దదో ఏ ముందుమాటా ఇంత సులువుగా చెప్పలేదు. అక్కడ సాయంత్రం వెలుతురు ఉండగానే దిగిపోండి, రాళ్ళ మీద చీకట్లో కాలు జారితే కథ వేరే రకంగా ముగుస్తుంది.

బండి మీద వద్దు. రెండు చెవులైనా, ఒక చెవైనా, హెల్మెట్ లోపలైనా వద్దు. కారులో సిటీ ట్రాఫిక్‌లో విన్నా గుసగుసలు హారన్లలో కలిసిపోతాయి. రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒంటరిగా వెళ్తూ వినడం ఇంకా ప్రమాదం. నిదానమైన గొంతు, ఖాళీ రోడ్డు, ఒకే వేగం. ఈ మూడూ కలిస్తే కునుకు పడుతుంది.

వంటింట్లో బట్టలు మడతపెడుతూనో బఠానీలు ఒలుస్తూనో వినవచ్చు. కత్తిపీట ముందు మాత్రం వద్దు.

తొమ్మిదో అడుగు: నోటుబుక్కు

ఈ పుస్తకాల్లో పేర్లు నోటితో పలకడానికే కష్టంగా ఉంటాయి. స్పెల్లింగ్ కనపడదు కాబట్టి ఇంగ్లీషులో రాసుకోవాలని చూస్తే అక్షరం దగ్గరే ఆగిపోతారు, ఈలోగా కథ వెళ్ళిపోతుంది. తెలుగులో రాయండి. విన్నది విన్నట్టు రాసుకోగల లిపి మనది. ఒత్తులతో, సున్నాతో సహా ఎంత వింత పేరైనా రెండు క్షణాల్లో కాగితం మీద పడుతుంది, మళ్ళీ విన్నప్పుడు గుర్తుపడతారు.

రాసేది కొంచెమే ఉండాలి. పేరు, ఏమైంది, ఎన్నో గంట. ఉదాహరణకి: "కొండ కింద తలుపు, రెండోసారి, ఈసారి లోపలి నుంచి గడియ, 3:12". అంతే. మొదటిసారి బయట గడియ ఉందని ముందు పేజీలో రాసుకున్నవాడికి ఈ ఒక్క లైను చాలు, ఒళ్ళు జలదరించడానికి. రాసుకోనివాడికి అది మామూలు తలుపే.

ఇంకో గుర్తు కూడా పెట్టుకోండి. "దాన్ని వర్ణించడం నా వల్ల కాదు" అని కథకుడు తప్పుకున్న ప్రతిచోటా ఒక చుక్క. ఈ తరహాలో కథకుడు తరచూ అబద్ధమాడతాడు, లేదా చూసినదాన్ని దాస్తాడు. చుక్కలు ఏ అధ్యాయంలో ఎక్కువయ్యాయో చూస్తే అతని మతి ఎక్కడ తప్పడం మొదలైందో పట్టుకోవచ్చు.

పదో అడుగు: నిద్ర, భయం

స్లీప్ టైమర్ 30 నిమిషాలు, లేదా 'అధ్యాయం చివర' అని పెట్టండి. కొన్ని యాప్‌లలో టైమర్ అయిపోయినప్పుడు ఫోన్ ఊపితే మళ్ళీ సాగుతుంది. అదే మన ఊ. మెలకువగా ఉంటే ఊపుతారు, లేకపోతే అది ఆగిపోతుంది. టైమర్ లేకుండా పడుకుంటే తెల్లారేసరికి లోకం అంతమైపోయి ఉంటుంది, ఎలా అయిందో మీకు తెలియదు. అలా జరిగితే గుర్తున్న చివరి మాట కోసం అయిదేసి నిమిషాలు కాకుండా అధ్యాయం అధ్యాయం వెనక్కి దూకండి. అధ్యాయం మొదటి వాక్యం గుర్తుందా లేదా అన్నది వెంటనే తెలుస్తుంది.

ఒక్క కూర్చోవడంలో 40 నుంచి 60 నిమిషాలకి మించొద్దు. భయం కూడా కారం లాంటిదే, మూడో గంటకి నాలుక మొద్దుబారుతుంది. విన్న వెంటనే పడుకోకుండా పావుగంట ఇంకేదైనా చేయండి. మంచినీళ్ళు నింపుకోవడం, రేపటికి బట్టలు తీసుకోవడం, ఇంట్లో ఎవరితోనైనా రెండు మాటలు. గుండె దడ ఆగకపోయినా, వరసగా రెండు రాత్రులు నిద్ర పట్టకపోయినా రాత్రి వినడం మానేసి పగటికి మార్చండి. అప్పటికీ తగ్గకపోతే పుస్తకం పక్కన పెట్టేయండి. పానిక్, నిద్రలేమి లాంటి ఇబ్బందులు ముందు నుంచీ ఉన్నవాళ్ళు అసలు రాత్రి పూట మొదలుపెట్టవద్దు. పిల్లలు వినేంత దూరంలో స్పీకర్ మీద పెట్టకండి. మనకి అర్థం లేని రొదలా అనిపించింది వాళ్ళకి నెలలు తరబడి గుర్తుండిపోతుంది.

చివరి అధ్యాయం

చివరి రెండు అధ్యాయాల మొత్తం నిడివి చూసుకుని, ఆగకుండా ఒకే రాత్రి వినండి. ముందుగా 'ఆటోప్లే' ఆపేయండి. లేకపోతే చివరి వాక్యం పూర్తయిన మూడో సెకనుకి ఇంకో పుస్తకం హుషారుగా మొదలవుతుంది. ముగింపు సంగీతం, ప్రచురణ వివరాలు కూడా వద్దనుకుంటే ఫైల్లో చివరి నిమిషం ఎక్కడ మొదలవుతుందో పగలే చూసి, టైమర్‌ని సరిగ్గా అక్కడికి పెట్టుకోండి. గొంతు ఆగాక ఇయర్‌ఫోన్ వెంటనే తీయకండి. చెవుల్లో ఆ మూత ఉండగానే ఒక నిమిషం కూర్చోండి. తర్వాత ఒక్కో చెవీ తీస్తే ముందు ఫ్యాన్ వినపడుతుంది, ఆ తర్వాత కుక్కలు, వాటి వెనకాల గూర్ఖా కర్ర చప్పుడు.